జూలై 22న పిల్లలతో ఏ దినం జరపాలి?

ప్రశ్న: తేదీని 22/7గా రాస్తాం కనుక జూలై 22ను గణితంలోని ‘పై’ ఉజ్జాయింపు దినంగానూ, మన దేశంలో మామిడి దినంగానూ జరుపుకుంటున్నారు. రెండూ అనధికారికమే. విశాఖపట్నంలోని మా బడిలో ఏది జరిపిస్తే బాగుంటుందో పెద్దలు చెప్పగలరు.

జవాబు: గణితమే చేయించండి, మేడమ్. గిన్నె మూత అంచు చుట్టూ దారం చుట్టి, ఆ పొడవును వ్యాసంతో భాగిస్తే 3.14కు దగ్గరగా వస్తుంది. 22/7 అసలు విలువకన్నా కాస్త ఎక్కువని ఆర్కిమెడిస్ నిరూపించిన సంగతి కూడా అప్పుడే చెప్పవచ్చు.

జవాబు: మన ప్రాంతపు సువర్ణరేఖ ముందుగా కాపుకొచ్చే రకం. జూలై చివరికి రైతుబజారులో దాని కోసం వెతకడం దండగ కనుక, మామిడిని వేసవికే ఉంచండి.

జవాబు: 1947లో రాజ్యాంగ సభ త్రివర్ణ పతాకాన్ని ఆమోదించింది కూడా జూలై 22నే, దయచేసి మరువకండి. పిల్లలచేత వృత్తలేఖినితో అశోక చక్రాన్ని గీయించి, 24 ఆకులను 15 డిగ్రీల చొప్పున గుర్తింపజేయండి.