గెస్ట్ ఇంటర్వ్యూల పని మొత్తం వర్చువల్ అసిస్టెంట్‌కి వదిలేయొచ్చా?

కొత్త హోస్ట్:
వారం పాటు, రోజుకు ముగ్గురు చొప్పున అతిథులతో ఆన్‌లైన్ ఇంటర్వ్యూలు పెడదామని ఉంది. మాట్లాడటమంటే నాకిష్టమే, దాని చుట్టూ ఉండే పని తలుచుకుంటేనే టెన్షన్. అతిథుల్ని వెతకడం, పిలవడం, టైమ్ ఖాయం చేయడం, ఫొటోలూ పరిచయాలూ తెప్పించడం, రికార్డింగులు పెట్టడం ఇదంతా ఒక వర్చువల్ అసిస్టెంట్‌కి (అంటే దూరం నుంచి ఆన్‌లైన్‌లోనే పనులు చేసిపెట్టే మనిషికి) అప్పగించేసి, నేను టైమ్‌కి వచ్చి కూర్చుంటే చాలని కొందరు చెబుతున్నారు. అలా చేస్తే పేరున్న అతిథులెవరూ పలకరని ఇంకొందరు. ఏం చేయమంటారు?

పాత హోస్ట్:
మొత్తం వదిలేయకండి. మొదటి ఆహ్వానం మీరే రాయండి, ప్రశ్నలు మీరే తయారు చేసుకోండి, మిగతాది నిశ్చింతగా ఇచ్చేయొచ్చు. మంచి వక్తలకు ఇలాంటి పిలుపులు వస్తూనే ఉంటాయి. "మీ కృషి మాకెంతో స్ఫూర్తి" అని మొదలైన మెయిల్ చూడగానే ఇది పదిమందికీ పంపిందేనని వాళ్లకు తెలిసిపోతుంది. అదే మీరు "ఫలానా ప్రసంగంలో ఉద్యోగం మానేయడం గురించి ఒక్క మాట చెప్పి వదిలేశారు, దాని మీదే ఓ అరగంట మాట్లాడుకుందామా" అని రాస్తే కనీసం చివరిదాకా చదువుతారు. ఆ వాక్యం రాయాలంటే ఆ ప్రసంగం విని ఉండాలి. మీ బదులు ఇంకొకరు వింటే, రేపు ఇంటర్వ్యూలో అతిథి ఏదో చెప్పబోయి ఆగినప్పుడు ఆ దారం పట్టుకోవడం మీకు చేతకాదు, కాగితం మీదున్న తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. అలాంటి ఇంటర్వ్యూలు చూస్తుంటే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది.

నిర్వాహకుడు:
ఒప్పుకోను. ఇరవై ఒక్కమంది కావాలంటే అంతకు ఎక్కువమందినే అడగాలి, వాళ్లందరి ప్రసంగాలూ హోస్టే కూర్చుని వింటే కార్యక్రమం ఎప్పటికి జరగాలి? అసిస్టెంట్ విని, నోట్స్ రాసి, ఆహ్వానం డ్రాఫ్ట్ చేసి ఇస్తే, హోస్ట్ దిద్ది పంపితే తప్పేముంది? ఒప్పుకున్నవాళ్ల ప్రసంగాలు తర్వాత వినండి.

నా భయమంతా వేరే చోట. చాలామంది పని మొదలైన రోజే తమ మెయిల్ పాస్‌వర్డ్ అసిస్టెంట్ చేతిలో పెట్టేస్తారు. ఆ అవసరమే లేదు. జీమెయిల్‌లో డెలిగేషన్ అని ఉంది, పాస్‌వర్డ్ చెప్పకుండానే మీ మెయిల్ చదివి జవాబులిచ్చే వీలు ఇంకొకరికి ఇవ్వొచ్చు, పనయ్యాక తీసేయొచ్చు. క్యాలెండర్‌ని కూడా మార్పులు చేసే అనుమతితో షేర్ చేస్తే సరిపోతుంది. అతిథుల ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు మిమ్మల్ని నమ్మి ఇచ్చినవి కదండీ, వాటికి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

తెరవెనుక:
నేను చేసేది ఈ పనే, అసిస్టెంట్ వైపు నుంచి చెప్తాను. పైన ఇద్దరూ ఆహ్వానం దగ్గరే ఆగిపోయారు. నా అనుభవంలో కార్యక్రమం దెబ్బతినేది అతిథి ఒప్పుకున్న తర్వాతే.

టైమ్ సంగతే తీసుకోండి. వేసవి కోసం అమెరికాలో గడియారం గంట ముందుకు జరిపేది మార్చి రెండో ఆదివారం, బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం. మధ్యలో ఉన్న ఆ రెండు మూడు వారాలూ న్యూయార్క్‌కీ లండన్‌కీ తేడా 5 గంటలు కాదు, 4 గంటలే. చేత్తో లెక్కేసి "మీ సాయంత్రం ఆరింటికి" అని మెయిల్ రాస్తే ఒకరు ఖాళీ గదిలో గంట కూర్చోవాల్సి వస్తుంది. అందుకే క్యాలెండర్ ఆహ్వానం పంపాలి, అది ఎవరి టైమ్ వాళ్లకు చూపిస్తుంది. మెయిల్‌లో రాయక తప్పకపోతే పక్కన యూటీసీ టైమ్ (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) కూడా పెట్టాలి.

రికార్డింగ్ ఇంకో తలనొప్పి. జూమ్ ఉచిత ఖాతాలో మీటింగ్ 40 నిమిషాలకే తెగిపోతుంది, అతిథి అప్పుడే మనసు విప్పి మాట్లాడుతుంటారు. కంప్యూటర్లోకి రికార్డ్ చేసేటప్పుడు ఒక్కొక్కరి గొంతు వేరే ఆడియో ఫైల్‌గా వచ్చే సెట్టింగ్ కూడా జూమ్‌లో ఉంది, అది ముందే ఆన్ చేసి ఉంటే అతిథి మాట్లాడుతుండగా మీకు దగ్గొచ్చినా దాన్ని తీసేయొచ్చు. ఇవి చూసుకోవడం మా పని. కానీ చాలాచోట్ల మాకు జూమ్‌లో మీటింగ్ నడిపే హోస్ట్ హక్కులు ఇవ్వరు, లింక్ మాత్రం పంపి "అంతా చూసుకోండి" అంటారు. అతిథి వెయిటింగ్ రూమ్‌లో నిలబడి ఉంటే లోపలికి రానిచ్చే వీలు కూడా మాకు ఉండదు. తర్వాత మాట పడేది మాత్రం మేమే.

పాత హోస్ట్:
ఈ మాట నిజం. పని ఇచ్చి అధికారం ఇవ్వకపోవడం అన్యాయం. @నిర్వాహకుడు, డ్రాఫ్ట్ దిద్ది పంపడం దాకా సరే, కానీ బిజీగా ఉన్నప్పుడు దిద్దడం మానేసి నేరుగా "పంపేయండి" అంటారు, నేను భయపడేది దానికే. ఇంకోటి, రికార్డింగుని ఎక్కడెక్కడ వాడుకుంటారో, ముక్కలు చేసి పెడతారో లేదో ముందే రాసి అతిథి ఒప్పుకోలు తీసుకోండి. ఫారం అసిస్టెంట్ పంపొచ్చు, అందులో ఏముండాలో తేల్చాల్సింది మీరు.

నిర్వాహకుడు:
అంటే అసిస్టెంట్ మీద కాదు, హోస్ట్ మీద నమ్మకం లేదంటున్నారు. ఆ మాటైతే నేనూ కాదనను.

కొత్త హోస్ట్:
సరే, నా వరకు ఇలా అనుకుంటున్నాను. అతిథుల జాబితా, నోట్స్ అసిస్టెంట్ తయారు చేస్తారు, ఆహ్వానం నేను రాస్తాను, ఒప్పుకున్న దగ్గర్నుంచి మెయిల్స్, టైమ్, ఫారం, ఫైళ్లు వాళ్లవి. @తెరవెనుక గారూ, ఇంటర్వ్యూ జరిగేటప్పుడు అసిస్టెంట్ కాల్‌లో ఉండాలా, ఉంటే అతిథికి ఇబ్బందా?

తెరవెనుక:
మొదటి పది నిమిషాలు ఉండాలండీ. మైక్, లైటు చూసి, అతిథి పేరు ఎలా పలకాలో వాళ్ల నోటితోనే చెప్పించుకుని, రికార్డింగ్ మొదలైందని చూశాక కెమెరా, మైక్ ఆపేసుకుని ఉండిపోతాం. మేమున్నామని అతిథికి ముందే చెప్పండి. ఏదైనా తెగిపోతే మీరు అతిథితో ఫోన్‌లో మాట్లాడుతూ ఉండండి, కొత్త లింక్ మేం పంపుతాం.