మతిస్థిమితం లేనివారి జాబితా పోలీసు స్టేషనుకు ఇవ్వాలా?

అచ్చంపేట అరుగు:
మొన్న మా ఊరి గ్రామసభలో రేషన్ కార్డుల గొడవ సద్దుమణిగాక ఒక పెద్దమనిషి లేచారు. ఊళ్లో మతిస్థిమితం లేనివాళ్లు ఎంతమంది ఉన్నారో పేర్లు రాసి స్టేషనులో ఇవ్వాలన్నారు. టీవీలో అమెరికా బడిలో కాల్పుల వార్త చూశారట. "అక్కడ ముందే తెలిసి కూడా వదిలేశారు, మనం ఆ తప్పు చేయకూడదు" అని ఆయన వాదన. చాలామంది తలలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చి కాగితం మీద రాస్తే ఐదు పేర్లు తేలాయి. ఐదో పేరు మా చిన్నమ్మది. ఆమె చేసేదల్లా తెల్లవారుజామున లేచి కోళ్లను తిట్టడం. అక్కడ పెన్ను ఆగింది. అయినా ఆ ఆలోచన పూర్తిగా తప్పని అనిపించడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

నల్లగొండ నర్సు:
పదిహేనేళ్లుగా ఆస్పత్రి మానసిక విభాగంలోనే పని చేస్తున్నాను. అలాంటి జాబితా వస్తే మొదట ఖాళీ అయ్యేది మా ఓపీ వరండా. ఇప్పుడే చాలామంది ఊరు దాటేదాకా పంటి డాక్టరు దగ్గరికి అని చెప్పి వస్తారు. హైదరాబాదులో మానసిక ఆస్పత్రి ఉన్నది ఎర్రగడ్డలో కదా, "ఎర్రగడ్డ కేసు" అన్న ఒక్క మాటకు చెల్లెలి పెళ్లి సంబంధం తప్పిపోతుంది. ఇక స్టేషనులో పేరు అంటే ఎవరు వస్తారు?

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. ఇతరులకు హాని జరుగుతుందనుకుంటే, దాన్ని ఆపడానికి అవసరమైనంత వరకు చెప్పే వెసులుబాటు ఉంది. అది ఒక మనిషి గురించి, ఒక సందర్భంలో. ఊరంతటికీ పద్దు రాయమని కాదు. అమెరికా మాట వచ్చింది కాబట్టి అక్కడి లెక్కే చెబుతాను. డ్యూక్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ స్వాన్సన్ అనే పరిశోధకుడు ఏళ్ల తరబడి దీని మీదే పని చేశారు. తీవ్రమైన మానసిక వ్యాధులన్నీ రేపటికల్లా నయమైపోయినా సమాజంలో హింస తగ్గేది సుమారు 4 శాతమే అని ఆయన అంచనా. మిగతా 96 కోసం ఏ జాబితా రాస్తారు?

దేవరకొండ రైతుబిడ్డ:
అక్కా, మీ మాటలు వినడానికి బాగున్నాయి. మా అన్నకు పదేళ్లుగా జబ్బు. మాత్రలు మానేసిన మూడో వారానికి నిద్ర పట్టదు. నాలుగో వారానికి గోడవైపు తిరిగి ఎవరితోనో మాట్లాడతాడు. ఆ రోజుల్లో మా అమ్మ గొడ్డలి, రెండు కొడవళ్లు, చివరికి కూరగాయల కత్తి కూడా పాత చీరలో చుట్టి పక్కింటివాళ్ల గడ్డివాములో దాస్తుంది. ఉల్లిగడ్డ కోయాలంటే పక్కింటికి వెళ్లి కోసుకొస్తుంది. రెండేళ్ల క్రితం ఒకసారి దాచడం ఆలస్యమైంది. వదిన చేతికి పదకొండు కుట్లు పడ్డాయి.

స్టేషనుకు వెళ్తే ఇది ఆస్పత్రి పని అన్నారు. ఆస్పత్రికి వెళ్తే మనిషిని తీసుకొస్తే చూస్తాం అన్నారు. తీసుకురాగలిగితే స్టేషనుకు ఎందుకు వెళ్తాం? జాబితాలో పేరుంటే ఫోను చేసిన ప్రతిసారీ మొదటినుంచి కథ చెప్పుకునే బాధైనా తప్పుతుంది. మీ 4 శాతం లెక్క నిజమే కావచ్చు. ఆ నాలుగులో మేమున్నాం.

మిర్యాలగూడ లెక్కల మాస్టారు:
తమ్ముడూ, నీ అనుభవానికి ఎదురు చెప్పను. కాని అమెరికాను గ్రామసభకు తెచ్చిన పెద్దమనిషి సగమే చూశారు. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. అతని సంగతి ఎవరికీ తెలియక కాదు. 2005 డిసెంబరులోనే ఒక న్యాయస్థానం అతనికి చికిత్స తీసుకోమని ఆదేశించింది. తీసుకున్నాడా అని ఎవరూ వెంటపడి చూడలేదు. పైగా ఆ ఆదేశం తుపాకీ కొనేవాళ్లను వడపోసే పద్దులోకి ఎక్కలేదు. దుకాణానికి వెళ్లి దర్జాగా కొనుక్కున్నాడు.

అక్కడ జాబితాకు ఒక పనుంది, తుపాకీ అమ్మకుండా ఆపడం. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం ఉండగా మామూలు మనిషికి తుపాకీ లైసెన్సు దొరకడమే గగనం. మన ఊరి జాబితా ఏ అమ్మకాన్ని ఆపుతుంది? సంతలో గొడ్డలికి లైసెన్సు అడుగుతారా?

అచ్చంపేట అరుగు:
సార్, మీ కథ నా వైపే ఉంది కదా. తెలిసినా ఎవరూ చూడలేదు, అందుకే జరిగింది. పేరు పోలీసుల దగ్గరుంటే చూసేవాళ్లుంటారు.

మిర్యాలగూడ లెక్కల మాస్టారు:
కోర్టు కాగితం మీద అతని పేరుంది. చూసేవాళ్లు లేరు. మీరు మళ్లీ కాగితమే అడుగుతున్నారు.

పాలమూరు మాజీ కండక్టర్:
పెద్ద చదువులు చదువుకోలేదు, చూసింది చెబుతాను. 2018 మే నెల. పిల్లల్ని ఎత్తుకెళ్లే ముఠాలు దిగాయని వాట్సాప్ నిండా అవే సందేశాలు. ఒక స్టేజీ దగ్గర మా బస్సు ఆగింది. వేపచెట్టు కింద ముప్పై మంది గుంపు, మధ్యలో ఒక మనిషి. ప్యాంటుకు బెల్టు బదులు తాడు, చేతిలో సంచి. అతని భాష ఎవరికీ అర్థం కాలేదు, అదే అతని నేరం. సంచి గుంజి బోర్లించారు. ఎండిపోయిన రొట్టెలు, పాత టికెట్ల కట్ట, ఒక పిల్లవాడి చెప్పు. ఆ చెప్పు చూడగానే గుంపు ఒక్కసారిగా మీదికి వచ్చింది. ఒంటి చెప్పు, ఎడమ కాలిది, ఏనాటిదో మట్టి గడ్డకట్టి ఉంది. అది ఎవరూ చూడలేదు.

నేను దిగి టికెట్లు తీసి చూశాను. మావే, బస్టాండులో ఏరుకున్నవి. ఏమనాలో తోచక "ఈయన నా ప్యాసింజర్, దింపడం మరచిపోయాను" అని అబద్ధమాడి చేయి పట్టుకుని ఎక్కించాను. తలుపు పడకముందే డ్రైవరు బండి కదిలించాడు. దారంతా ఆ మనిషి కిటికీలోంచి చూస్తూ నవ్వుతూనే ఉన్నాడు.

అదే నెలలో బీబీనగర్ దగ్గర, అంటే మన పాత నల్లగొండ జిల్లాలోనే, బంధువుల ఇంటికి వచ్చిన ఒక ఆటోడ్రైవరును దొంగ అనుకుని జనం కొట్టి చంపారు. గద్వాలలో అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు మాత్రం ఒక్కో ఊరికి ఒక పోలీసును అప్పగించి, డప్పు కొట్టించి, పాటలు పాడించి పుకారు అబద్ధమని ఇంటింటికీ చెప్పించారు. హింసను ముందే ఆపడమంటే నాకు తెలిసింది అది. ఆ చెట్టు కింది ముప్పై మందిలో ఒక్కరి పేరైనా మీ జాబితాకు ఎక్కుతుందా? అందరూ మతి ఉన్నవాళ్లే. స్టేషనులో జాబితా ఉందని తెలిస్తే ఇలాంటి గుంపు మొదట వెతుక్కునేది ఆ పేర్లనే.

కల్వకుర్తి మందుల దుకాణం:
కల్లు సంగతి ఎవరూ ఎత్తలేదేమిటి? 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద దాడులు చేసి దుకాణాలు మూయిస్తే పాలమూరులో ఏం జరిగిందో మరచిపోయారా? అందులో కలిపే ఆల్ప్రాజోలం, డయాజెపామ్ అనే మత్తుమందులు ఒక్కసారిగా అందక జనానికి ఫిట్లు, లేనివి కనిపించడం, మీద పడి కొట్టడం. ఎర్రగడ్డ ఆస్పత్రి కిక్కిరిసిపోయింది. వాళ్లెవరూ అంతకుముందు వారం మతిస్థిమితం లేనివాళ్లు కారు. అమెరికాలో 1998లో వెలువడిన మెక్‌ఆర్థర్ అధ్యయనం కూడా ఇదే చెప్పింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన మానసిక రోగుల్లో మత్తు అలవాటు లేనివాళ్లు ఇరుగుపొరుగు కంటే ఎక్కువ హింసకు దిగలేదు. జాబితా రాయాలంటే కల్లులో పొడి కలిపేవాళ్లది రాయండి.

దేవరకొండ రైతుబిడ్డ:
కండక్టర్ బాబాయి చేసింది గొప్ప పని. కాని చర్చ మా గడప దాటి ఎటో వెళ్లిపోయింది. గుంపు వేరు, కల్లు వేరు, మా ఇల్లు వేరు. మా అన్న కల్లు ముట్టడు. ఇవాళ రాత్రి ఏం చేయాలో చెప్పేవాళ్లు లేరు.

నల్లగొండ నర్సు:
తమ్ముడూ, నిజమే, నీకు జవాబు చెప్పకుండా లెక్కలు చెప్పాను. నీకు రెండు చోట్లా తప్పే చెప్పారు. నేను చెప్పిన 2017 చట్టంలోనే 100వ సెక్షను ఉంది. మానసిక వ్యాధి వల్ల తనకో ఇతరులకో ప్రమాదంగా ఉన్న మనిషిని రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి చేర్చడం స్టేషను అధికారి బాధ్యత. లాకప్‌లో పెట్టకూడదు. దానికి ముందే జాబితాలో పేరుండాలన్న నియమం ఏదీ లేదు. ఈసారి సెక్షను నంబరు కాగితం మీద రాసి తీసుకెళ్లు. నోటిమాట గడప దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో మాట. అమ్మ కత్తులు దాచేదాకా ఆగకు. నిద్ర పట్టని ఆ మూడో వారమే మాకు కావలసింది. అప్పుడు మందు సర్దితే నాలుగో వారం రాకుండా చూడవచ్చు. రాత్రివేళ 14416కు ఫోను చెయ్యి, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు, వాళ్లు తెలుగులో మాట్లాడతారు. మాత్రలు మింగనంటే నెలకోసారి వేసే సూది ఉంది.

దేవరకొండ రైతుబిడ్డ:
సూదికి ఒప్పుకుంటాడక్కా. మాత్రలైతేనే విషం కలిపారంటాడు. నాలుగు నెలలు వేయించాం. ఆ నాలుగు నెలలు పత్తి ఏరడానికి కూడా వచ్చాడు. ఐదో నెల వెళ్తే స్టాకు లేదన్నారు. మళ్లీ ఎప్పుడొస్తుందంటే తెలియదన్నారు. రెండుసార్లు కూలి పోగొట్టుకుని తిరిగి ఊరుకున్నాం. నేను జాబితా అడిగింది అందుకే. సూది వచ్చిన రోజు మా అన్న పేరు ఎవరికో ఒకరికి గుర్తు రావాలి కదా.

మిర్యాలగూడ లెక్కల మాస్టారు:
అయితే నువ్వు అడిగింది ఆస్పత్రి జాబితా. గ్రామసభలో అడిగింది పోలీసు జాబితా. పొద్దుటినుంచి రెండింటినీ ఒకటే అనుకుని కొట్టుకుంటున్నాం.

అచ్చంపేట అరుగు:
నాకింకా కొంత అనుమానం ఉంది సార్. దేవరకొండ తమ్ముడి ఇంటి పరిస్థితి ఆ వీధి పోలీసుకు తెలిసి ఉంటే వదిన చేతికి కుట్లు పడేవి కావేమో. కాని మా చిన్నమ్మ పేరు మాత్రం నేను ఇవ్వను. అలాంటప్పుడు వేరేవాళ్ల చిన్నమ్మ పేరు ఇవ్వమని చేయెత్తలేను. వచ్చే సభలో సూదుల స్టాకు సంగతి ఎత్తుతాను. పెద్దమనిషికి కోపం వస్తే రానీ.

దేవరకొండ రైతుబిడ్డ:
అక్కా, మీ దగ్గరికి తీసుకొస్తే పాత చీటీ ఉండాలా? అది కూడా కత్తులతోపాటు ఆ చీరలోనే ఎక్కడో ఉండాలి.

నల్లగొండ నర్సు:
ఉంటే తీసుకురా. దొరక్కపోతే సూదిమందు పేరు ఒక కాగితం మీద రాసి పెట్టు, అదీ గుర్తు లేకపోతే ఉత్త చేతులతోనే రా. పొద్దున తొమ్మిదిలోపు వస్తే మంచిది. మా వరండాలో నీడ ఉండేది అంతవరకే.