అప్‌డేట్: పీ95 ఎప్పుడూ 95 మిల్లీసెకన్లే చూపించే సమస్య తీరింది

మా Traefik రివర్స్ ప్రాక్సీ (బయటి రిక్వెస్టుల్ని లోపలి సర్వీసులకి పంపే సాఫ్ట్‌వేర్) గ్రాఫ్‌లో పీ50 (సగం రిక్వెస్టులు ఎంతలోపు అయిపోతాయో ఆ సమయం) యాభై, పీ95 (వందలో 95 రిక్వెస్టులు ఎంతలోపు అయిపోతాయో ఆ సమయం) తొంభై ఐదు మిల్లీసెకన్ల దగ్గరే కదలకుండా ఉంటోంది ఎందుకు అని అడిగాను కదా, బకెట్లు (ఫలానా సమయం లోపు ఎన్ని రిక్వెస్టులు అయ్యాయో లెక్కపెట్టే గళ్లు) చూడమన్న వాళ్లకి చాలా థాంక్స్, అదే కారణం. డీఫాల్ట్‌గా ఉండేవి 0.1, 0.3, 1.2, 5 సెకన్లు, ఈ నాలుగే. మా రిక్వెస్టులు దాదాపు అన్నీ 100 మిల్లీసెకన్ల లోపే అయిపోతాయి, అంటే అన్నీ మొదటి బకెట్లోనే పడుతున్నాయి, ప్రోమిథియస్ (ఈ లెక్కలు సేకరించి దాచే టూల్) ఏమో 0 నుంచి 0.1 వరకు సమానంగా పరుచుకున్నాయనుకుని లెక్కేస్తుంది, అందుకే పీ95 అంటే 95 వస్తోంది. అది కొలత కాదు, ఉత్త అంచనా!

ఇప్పుడు 0.005, 0.01, 0.025, 0.05 చేర్చాను. పాతవి మాత్రం తీయలేదు, మా అలర్ట్ 0.3 మీదే ఉంది మరి. ఇది స్టాటిక్ కాన్ఫిగ్ (ప్రాక్సీ మొదలైనప్పుడు మాత్రమే చదివే సెట్టింగ్) కాబట్టి రీస్టార్ట్ తప్పదు, ఆ తర్వాత ఒక ఐదు నిమిషాలు గ్రాఫ్ పిచ్చిగా ఊగింది, పాత కొత్త బకెట్లు కలిసిపోయి, కంగారు పడకండి. ఒక్కో హిస్టోగ్రామ్‌కి (ఇలా బకెట్లుగా లెక్కపెట్టే కొలతకి) బకెట్ సిరీస్‌లు, ఎప్పుడూ చివర ఉండే +Inf బకెట్‌తో కలిపి, 5 నుంచి 9 అయ్యాయి, సర్వీసులు ఎక్కువున్నవాళ్లు స్టోరేజ్ చూసుకుని పెంచండి.

అసలు పీ95 ఎంతో తెలుసా, 20 మిల్లీసెకన్ల లోపే. లాగిన్ సర్వీస్ ఒక్కటే 60 దాటుతోంది, ఇన్నాళ్లూ అది కనపడనే లేదు, రేపు దాని పని పడతా.