వ్యాపార డేటాకు క్లౌడ్ బ్యాకప్: ముందుగా ఏమేమి తేల్చుకోవాలి?

ప్రశ్న:
మా సంస్థలో ఖాతాల డేటాబేస్, ఒప్పందాల స్కాన్ ప్రతులు, డిజైన్ ఫైళ్లు కలిపి సుమారు 2 టెరాబైట్ల డేటా ఒకే సర్వర్‌లో ఉంది. ప్రతి రాత్రీ దాని నకలు పక్కనే ఉన్న ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి వెళ్తుంది. అగ్నిప్రమాదమో దొంగతనమో జరిగితే రెండూ ఒకేసారి పోతాయన్న ఆందోళనతో క్లౌడ్‌లో కూడా ఒక ప్రతి ఉంచదలచాము. మా అప్‌లోడ్ వేగం 50 ఎంబీపీఎస్. సేవను ఎంచుకునే ముందు ఏయే విషయాలు నిర్ణయించుకోవాలో అనుభవజ్ఞులు తెలుపగలరు.

సమాధానం 1:
మీ ఆందోళన సరైనదే. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్‌ను కూడా అదే ప్రాంగణంలో ఉంచుకున్న కొందరు వినియోగదారులు రెండింటినీ పోగొట్టుకున్నారు.

అయితే ధరల పట్టిక తెరిచే ముందు మీ యాజమాన్యం నుంచి రెండు జవాబులు రాబట్టండి. ఎన్ని గంటల పని పోయినా తట్టుకోగలరు? ఎన్ని గంటల్లో పని మళ్లీ మొదలు కావాలి? మొదటి జవాబును బట్టి బ్యాకప్ ఎంత తరచుగా తీయాలో, రెండవదాన్ని బట్టి ఎలాంటి స్టోరేజ్ తీసుకోవాలో తేలుతుంది. ఖాతాలకు, పాత స్కాన్లకు ఈ జవాబులు ఒకటే కానక్కరలేదు.

2 టెరాబైట్లను 50 ఎంబీపీఎస్ వేగంతో పంపడానికి, లైన్ మొత్తం దానికే కేటాయించినా, దాదాపు 89 గంటలు పడుతుంది. రోజూ రాత్రి పది గంటలు మాత్రమే పంపితే తొమ్మిది రాత్రులు కావాలి. ఆ తరువాత మారిన భాగాలే వెళ్తాయి కనుక భారం తగ్గుతుంది; కానీ సర్వర్ పూర్తిగా పోయిన రోజున మొత్తాన్నీ తిరిగి దింపుకోవలసిందే కాబట్టి, డౌన్‌లోడ్ వేగంతో కూడా ఇదే లెక్క వేసి చూడండి. చౌకగా కనిపించే ఆర్కైవ్ శ్రేణుల (అరుదుగా తెరిచే డేటా కోసం ఉద్దేశించిన స్టోరేజ్) విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అమెజాన్ వారి గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో సాధారణ పద్ధతిలో డేటా అందుబాటులోకి రావడానికే 12 గంటల వరకు పట్టవచ్చు, 180 రోజులకు ముందే తొలగించినా ఆ కాలానికి రుసుము పడుతుంది. పాత ఒప్పందాలకు అది తగినదే, ఖాతాలకు తగదు.

సమాధానం 2:
పై సలహాతో ఏకీభవిస్తూ ఒక హెచ్చరిక చేర్చుతున్నాను. ఫోల్డర్‌ను క్లౌడ్‌తో సింక్ చేయడాన్ని బ్యాకప్‌గా భావించకండి. ఫైళ్లను తెరవరాకుండా చేసి డబ్బు డిమాండ్ చేసే ర్యాన్సమ్‌వేర్ ఇక్కడి ఫైళ్లను పాడుచేస్తే, ఆ పాడైన ఫైళ్లే అక్కడికీ చేరుతాయి. పాత వెర్షన్లు నిలిచి ఉండాలి. నిర్ణీత గడువు వరకు అడ్మిన్ సైతం చెరపలేని ఆబ్జెక్ట్ లాక్ వంటి ఏర్పాటు ఉండాలి. క్లౌడ్ ఖాతా పాస్‌వర్డ్ సర్వర్ పాస్‌వర్డ్‌కు భిన్నంగా ఉండాలి. నడుస్తున్న డేటాబేస్ ఫైళ్లను నేరుగా నకలు తీస్తే అవి పొంతన లేకుండా ఉండవచ్చు కనుక, ముందు డంప్ (డేటాబేస్‌లోని సమాచారాన్ని పొంతనగా ఒక ఫైలులోకి రాసిన నకలు) తీసి దానినే పంపండి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. డేటాను పంపే ముందే ఎన్‌క్రిప్ట్ చేయాలనుకుంటున్నాము, అంటే ఒక రహస్య కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చాలని. ఆ కీని సర్వర్‌లోనే ఉంచవచ్చా?

సమాధానం 3:
సర్వర్‌లో మాత్రమే ఉంచకండి. సర్వర్‌తో పాటు కీ కూడా పోతే క్లౌడ్‌లోని ప్రతిని ఎవరూ తెరవలేరు. కీ నకలును వేరొక చోట భద్రపరచి, కనీసం ఇద్దరు బాధ్యులకు అందుబాటులో ఉంచండి.

పునరుద్ధరణను కూడా నిజంగా చేసి చూడాలి. 2017 జనవరి 31న, ప్రోగ్రామర్ల కోడ్‌ను భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో పొరపాటున డేటాబేస్ చెరిగిపోయినప్పుడు, రోజూ క్లౌడ్‌కు వెళ్తున్నాయనుకున్న బ్యాకప్‌లు అక్కడ లేనే లేవని అప్పుడే బయటపడింది. డంప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ సరిపోలక విఫలమవుతూ వచ్చినా, ఆ సమాచారం ఎవరికీ చేరలేదు. కాబట్టి మూడు నెలలకొకసారి, ఏర్పాటు చేసిన వ్యక్తి కాక మరొకరు, రాసిపెట్టిన సూచనలను మాత్రమే అనుసరించి, ఖాళీ యంత్రంలో ఖాతాల డేటాబేస్‌ను నిలబెట్టి, అందుకు పట్టిన సమయాన్ని నమోదు చేయాలి. అది యాజమాన్యం ఒప్పుకున్న గంటలకు మించితే స్టోరేజ్ శ్రేణినో లైన్ వేగాన్నో అప్పుడే మార్చుకోవచ్చు.