దూడ పొట్టలో ఏలికపాములు: తప్పు జాతిదా, పాలదా?

మహేంద్రతనయ ఒడ్డు:
మాది పర్లాకిమిడి దగ్గర. జెర్సీ సంకరజాతి ఆవు దూడ రెండు నెలలకే పోయింది. కుండలాంటి పొట్ట, బంకమట్టి రంగు పారుడు, ముక్కు మూసుకునేంత కంపు. అదే పాకలో మా నాటావు దూడ గంతులేస్తోంది. ఒకటే గడ్డి, ఒకటే నీళ్లు. జాతి కాక మరేమిటి?

వంశధార:
అన్నా, రెండు నెలల దూడ గడ్డి ఎంత తింటుంది? నువ్వు చెప్పినవన్నీ ఏలికపాము లక్షణాలు. అది తల్లి పాలతోనే వస్తుంది. తల్లి ఒంట్లో నిద్రపోతున్న పిల్లపురుగులు ఈనే వేళకి లేచి పొదుగులోకి చేరతాయి. నాటు దూడకీ వస్తుంది, గేదె దూడలకి మరీ ఎక్కువ.

మహేంద్రతనయ ఒడ్డు:
తల్లికి చూడి మీదే నట్టల మందు పట్టించాను కదా, మరెలా వచ్చింది? పైగా పాలతో వస్తే, ఎక్కువ పాలు తాగిన నాటు దూడకే ఎక్కువ రావాలి!

కాశీనగర్ పాడి:
మల్కన్‌గిరి వైపు 'మోటు' అనే నాటు జాతి ఆవుల్ని చూడండి. జాతే.

వంశధార:
ఆ మందు పేగులో ఉన్నవాటిని చంపుతుంది. కండలో దాక్కున్నవాటి జోలికి మామూలుగా వెళ్లదు. అవి పాలలోకి దిగేది ముఖ్యంగా ఈనిన మొదటి రోజుల్లోనే, అప్పుడు రెండు దూడలూ తాగాయి. వంశానికి వాటా లేదని నేననను. వానాకాలం పచ్చికలో అంటుకునే కడుపు పురుగుల విషయంలో, ఒకే మందలో కొన్ని దూడల పేడలోనే గుడ్లు ఎక్కువ, ఆ తేడాలో కొంత వంశం నుంచే వస్తుందని పరిశోధనల్లో తేలింది. కానీ అవి వేరే పురుగులు. సరే, నాటు దూడ ఎక్కువ తాగిందని నువ్వే అన్నావు. మరి పోయిన దూడకి రోజుకి ఎన్ని పాలు వదిలావు?

మహేంద్రతనయ ఒడ్డు:
అంటే దూడ నోరు కొట్టానంటావా?! మూడు నాటావుల్ని అమ్మి, పైన అప్పు చేసి తెచ్చిన ఆవు అది. నెల తిరిగేసరికి వాయిదా కట్టాలి. సంకరజాతి కొనమని ఈ గ్రూపులోనే నాకు చెప్పింది నువ్వు. నాటావు పాలు అమ్మేన్ని ఉండవు కాబట్టి దాని దూడని తల్లి దగ్గరే వదిలేశాం. దీనికి పూటకి ముప్పావు లీటరు పట్టాను. చాలదా?

గుణుపూర్ చిన్నరైతు:
దూడ పోయి బాధలో ఉన్న మనిషిని ఇలా నిలదీయకండి.

వంశధార:
చాలదు అన్నా. బలం లేని దూడ పాముల్ని తట్టుకోలేదు. కొనమన్నది నేనే. ఆవు ఇచ్చే పాలు చెప్పాను, దూడ తాగాల్సిన పాలు ఆ లెక్కలోంచి తీసెయ్యమని చెప్పలేదు, అది నా తప్పు. నా గేదె దూడలు వరసగా రెండు ఇలాగే పోయాకే డాక్టరుగారు చెప్పారు: పుట్టిన పది నుంచి పదిహేను రోజుల్లోపే పైపరజైన్ అనే నట్టల మందు పట్టాలి, పాములు పెద్దవై గుడ్లు పెట్టకముందే. మోతాదు బరువు తూచి, డాక్టరుని అడిగి. కంటి అంచనాతో తక్కువ పడితే పురుగు చావదు.

కాశీనగర్ పాడి:
మోటు ఆవులకి ఇవేమీ పట్టక్కర్లేదనే నేనింకా అంటాను.

మహేంద్రతనయ ఒడ్డు:
ఇంకో జెర్సీ ఆవు ఈని ఇవాళ్టికి ఎనిమిది రోజులు. పెయ్యదూడ. బియ్యం కాటా మీద తూస్తే సరిపోతుందా?