ఏరు దాటి తెప్ప తగలేస్తే తప్పా?

కాకినాడ నుంచి ప్రశ్న:
మాది మొబైల్ యాప్‌లు రాసే చిన్న టీమ్. ఆండ్రాయిడ్ బిల్డ్‌లో, అంటే రాసిన కోడ్‌ని యాప్‌గా కట్టే పనిలో, కాప్ట్ తీసేసి కేఎస్‌పీ పెడుతున్నాం. రెండూ చేసే పని ఒకటే. మన కోడ్‌లో పెట్టిన గుర్తులు చదివి, కావలసిన మిగతా కోడ్ అవే రాసి పెడతాయి. కాకపోతే కాప్ట్ ముందు, మేం కాట్లిన్ భాషలో రాసిన కోడ్‌కి జావాలో ఓ నమూనా తయారుచేసుకుంటే గానీ చదవలేదు. బిల్డ్ సాగదీసేది అక్కడే. కేఎస్‌పీ నేరుగా చదువుకుంటుంది.

మొన్న మీటింగ్‌లో మా లీడ్ గారు "కొత్తది నడిచిన రోజే పాతది పీకేద్దాం" అన్నారు. పక్కనున్నాయన "ఏరు దాటి తెప్ప తగలేసినట్టు చెయ్యొద్దు సార్" అన్నాడు. వెనక్కి రావాల్సొస్తే దారుండదని ఆయన భయం. కానీ నాకు తెలిసి ఈ మాట మేలు మరిచినవాళ్ళ మీద అంటారు. ఇక్కడ పొసుగుతుందా?

అమలాపురం నుంచి:
మీకు తెలిసిందే అసలు వాడుక అండీ. "ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, ఏరు దాటాక బోడిమల్లయ్య" అనేదీ ఆ కోవలోదే. అయితే మల్లయ్య మనిషి, చిన్నబుచ్చితే నొచ్చుకుంటాడు. తెప్పకి ఆ బాధ లేదు. అందుకని తెప్ప సామెతలో కృతఘ్నతతో పాటు తెలివితక్కువతనానికీ చోటుంది. పైగా "తగలేయడం" అంటే మన వైపు కాల్చడం ఒక్కటే కాదు. "తాత సంపాదించిందంతా తగలేశాడు" అంటాం కదా! మీ మీటింగ్‌లో ఆయన వాడింది తప్పేం కాదు.

భీమవరం నుంచి:
నాదీ ఇదే పని కాబట్టి ఒక మాట. పాత బిల్డ్ ఫైళ్ళు గిట్‌లో ఉంటాయి, అది కోడ్ పాత రూపాలన్నీ దాచిపెట్టే చోటు. తగలెట్టినా బూడిదవ్వవు, కావాలంటే మళ్ళీ తెచ్చుకోవచ్చు. ఆ భయం అంత అక్కర్లేదు. అసలు చిక్కు ఇంకోచోట ఉంది. కాప్ట్, కేఎస్‌పీ పక్కపక్కనే నడుస్తాయి, ఒక్కో మాడ్యూల్ (యాప్‌లో ఒక భాగం), ఒక్కో లైబ్రరీ (వేరేవాళ్ళు రాసిపెట్టిన కోడ్) చొప్పున మారొచ్చు. బాగానే ఉంది. కానీ ఒక మాడ్యూల్‌లో ఒక్క లైబ్రరీ కాప్ట్ మీద మిగిలినా ఆ జావా నమూనాల పని అక్కడ జరగాల్సిందే. రూమ్, గ్లైడ్ లాంటి లైబ్రరీలు మార్చేశాం అని సంబరపడతాం, బిల్డ్ టైమ్ చూస్తే పెద్ద తేడా కనపడదు. ఏంటా అని వెతికితే, స్క్రీన్‌ని డేటాతో ముడిపెట్టే డేటా బైండింగ్ దొరుకుతుంది. దానికి కేఎస్‌పీ లేదు. దాని బదులు స్క్రీన్లు రాసే వేరే పద్ధతులు, వ్యూ బైండింగ్‌కో కంపోజ్‌కో వెళ్ళాలి, అది స్క్రీన్లన్నీ ముట్టుకునే పని. కాబట్టి మీ లీడ్ గారికి చెప్పాల్సిన సామెత రెండు పడవల మీద కాళ్ళు. కొన్నాళ్ళు పెట్టక తప్పదు, ఎన్నాళ్ళో మాత్రం ముందే అనుకోండి.

రాజమండ్రి నుంచి:
నాకు కోడ్ రాదు గానీ, మా అబ్బాయి ఇవే పాట్లు పడుతుంటాడు. సామెతలో ఒకటి గమనించండి. తెప్ప ఎవరిది? నాలుగు దుంగలు కట్టుకుని దాటినవాడిది. తనది కాబట్టే తగలేయగలిగాడు. మీరు ఎక్కింది తెప్ప కాదు, సఖినేటిపల్లి రేవులో జనాన్ని గోదారి దాటించే పంటు లాంటిది. నడిపేది వేరేవాళ్ళు. మావాడు కోడ్ రాసే ఎక్లిప్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో పని నేర్చుకున్నాడు. గూగుల్ 2013లో దాని బదులు ఆండ్రాయిడ్ స్టూడియో అని ప్రకటించింది, 2014 డిసెంబరుకల్లా 1.0 తెచ్చింది, 2015 చివరికి ఎక్లిప్స్ ప్లగిన్‌ని వదిలేసింది. అక్కడ తెప్ప తగలేసింది వీడు కాదు కదా. (ఇంకోటి, గోదారిని ఏరు అంటే నాకు మనసొప్పదు. అది వేరే చర్చ.)

భీమవరం నుంచి:
మంచి మాట అండీ. కాప్ట్‌ని కూడా కాట్లిన్ తయారుచేసిన జెట్‌బ్రెయిన్స్ వాళ్ళు మరమ్మతులకే పరిమితం చేశామని చెప్పేశారు, కొత్తగా ఏమీ చేర్చరు. ఐఫోన్ వైపూ అంతే. ఐఫోన్ యాప్‌లకి లైబ్రరీలు తెచ్చిపెట్టే కోకోపాడ్స్ 2026 డిసెంబరు 2 నుంచి కొత్త వెర్షన్లు తీసుకోదని ప్రకటించారు. ఉన్నవి పనిచేస్తాయి.

కాకినాడ నుంచి:
అందరికీ థాంక్స్ అండీ. డేటా బైండింగ్ ఏయే మాడ్యూళ్ళలో ఉందో ముందు లెక్క తీస్తాను. తీసేసే తేదీ ఆ తర్వాతే. రెండు పడవల మాట లీడ్ గారికి చెప్తాను. పాత బిల్డ్ రాసిన సీనియర్ గారు ఇంకా టీమ్‌లోనే ఉన్నారు మరి.

అమలాపురం నుంచి:
అయితే ఆయన ముందు బోడిమల్లయ్య సామెత మాత్రం ఎత్తకండి.