ఫోనో ప్రీయాంప్: ఎడమ ఛానెల్‌లో గొంతు పెరిగితే గరగర

రికార్డు_పిచ్చి:
ఛానెల్‌కి రెండేసి బీసీ549సీ ట్రాన్సిస్టర్లు పెట్టి, 24 వోల్టుల సప్లైతో ఫోనో ప్రీయాంప్ (రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే సన్న సిగ్నల్‌ని పెంచేది) కట్టాను. కుడివైపు భేషుగ్గా ఉంది. ఎడమవైపు మెల్లగా పాడినంతసేపూ బానే ఉంటుంది, గొంతు పెరిగిందా ఇక గరగరే. పైగా రెండింట్లోనూ సన్నగా హమ్ (గుయ్‌మనే మోత). ట్రాన్సిస్టర్లు మార్చేయమంటారా?

సోల్డర్_పొగ:
ఆగండి, అప్పుడే ఏదీ పీకొద్దు. వాల్యూమ్ తగ్గించి టర్న్‌టేబుల్ వైర్లు అటుదిటు చేయండి. గరగర అప్పుడూ ఎడమలోనే వస్తే కార్ట్రిడ్జ్‌ది (సూది ఉండే భాగానిది) తప్పు కాదు. తర్వాత రెండు ఛానెళ్లలోనూ రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్, ఎమిటర్ కాళ్ల వోల్టేజీలు కొలిచి ఇక్కడ పెట్టండి. బాగున్న ఛానెల్ పక్కనే ఉంది కదా, పోల్చుకోడానికి అంతకంటే ఏం కావాలి.

రికార్డు_పిచ్చి:
మార్చినా ఎడమలోనే. కుడి కలెక్టర్ 14, ఎమిటర్ 1. ఎడమ కలెక్టర్ 3, ఎమిటర్ 2.1.

సోల్డర్_పొగ:
ఇంకేం, దొరికింది. ఎడమవైపు కలెక్టర్‌కీ ఎమిటర్‌కీ మధ్య ఒక్క వోల్టు కూడా లేదు, సౌండ్ పెరిగితే సిగ్నల్ కింది భాగం తెగిపోక ఏమవుతుంది? ఈ రకం సర్క్యూట్‌లో మొదటి ట్రాన్సిస్టర్ బేస్ కాలికి బయాస్ (దాన్ని పని చేయించే కాస్త కరెంటు) రెండోదాని ఎమిటర్ నుంచే, ఒక పెద్ద రెసిస్టర్ గుండా వస్తుంది. బేస్ దగ్గర నాలుగైదు మైక్రోయాంపులు ఎటో కారిపోతున్నా చాలు, ఆ లోటు పూడ్చడానికి ఎమిటర్ పైకి లేస్తుంది, కలెక్టర్ కిందికి దిగుతుంది. నా అనుమానం ఇన్‌పుట్ కెపాసిటర్ మీద. దాని ఒక కాలు లేపి మళ్లీ కొలవండి.

పాత_రేడియో:
హమ్ సంగతి నేను చెప్తా. ఇన్‌పుట్ షార్ట్ చేసి వినండి. ఆగిపోతే వైర్లో గ్రౌండో చూడాలి, ఆగకపోతే సప్లై, లేదా ట్రాన్స్‌ఫార్మర్ మరీ దగ్గరగా ఉందేమో. కార్ట్రిడ్జ్ ఇచ్చేదే 5 మిల్లీవోల్టులు, దాన్ని వంద రెట్లు పెంచుతున్నాం, ఆ పైన రియా కర్వ్ (రికార్డులో తగ్గించి చెక్కిన బాస్‌ని తిరిగి పెంచే సర్దుబాటు) 50 హెర్ట్జ్‌ని ఇంకో 17 డెసిబెల్స్ ఎత్తుతుంది. మామూలు యాంప్‌లో చెవికి ఆనని హమ్ ఇక్కడ మోగిపోతుంది మరి.

రికార్డు_పిచ్చి:
కాలు లేపగానే ఎడమ కలెక్టర్ 13.8! పాత స్టాకు ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ అది. బదులు 1 మైక్రోఫారడ్ ఫిల్మ్‌ది వేస్తే చాలా? ఇన్‌పుట్ షార్ట్ చేస్తే హమ్ కూడా ఆగింది.

సోల్డర్_పొగ:
ధారాళంగా. 47 కిలోఓమ్‌ల ఇన్‌పుట్ రెసిస్టెన్స్‌తో 3, 4 హెర్ట్జ్ దాకా దిగుతుంది. కుడివైపుదీ మార్చేయండి, అదీ ఆ స్టాకుదే కదా.

పాత_రేడియో:
హమ్ ఆగిందంటే సప్లై బాగున్నట్టే. టర్న్‌టేబుల్ నుంచి వచ్చే సన్న గ్రౌండ్ తీగ ప్రీయాంప్ డబ్బాకి బిగించారా? స్క్రూ కింద పెయింట్ ఉంటే గీకండి.